సావుకారి ఇంటికి వేసిన తారు దారి

నంద్యాల చుట్టుపక్కల నేను దగ్గరుండి వేయించిన తారు రోడ్లు చాలానే ఉన్నాయి. వాటిలో సగం నా కళ్ల ముందే గుంతలు పడ్డాయి. మిగతా సగం మీద వేరేవాళ్లు మళ్లీ తారు పోశారు. రోడ్డు పని చేసినవాడికి మిగిలే కీర్తి అంతే. ఇప్పుడు పనిలోకి వస్తున్న కుర్రవాళ్లు కనిపిస్తే "మీరు చేసిన వాటిలో పెద్ద పని ఏది సార్?" అని అడుగుతారు. ఏ వంతెనో, ఏ హైవేనో చెబుతానని చూస్తారు. నేను మాత్రం ఆళ్లగడ్డలో ఒక ఇంటి గేటు నుంచి వసారా దాకా వేసిన దారి గురించి చెబుతాను. ఎరువుల లారీ ఒకటి లోపలికి వస్తే నిండిపోయేంత దారి. అదేనా పెద్ద పని అని వాళ్లు ముఖాలు చూసుకుంటారు. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

అప్పుడు నేను నంద్యాలలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుని. పని మానుకునే వయసు దగ్గర పడింది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు పోయే రోడ్డు మీద పాత తారు తీసి కొత్తది వేస్తున్నాం. ఒకరోజు ఊళ్లో ఎరువుల వ్యాపారం చేసే సావుకారి స్కూటరేసుకుని సైటుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట నెమ్మది.

"సూపర్‌వైజరు నువ్వేనా అప్పా? మీ కాంట్రాక్టరుతో మాట్లాడినా. మా ఇంటి ముందర తారు ఎయ్యాల."

"ఇంటికి తారు ఏంది సార్? సిమెంటు ఏసుకోండి, శుభ్రంగా ఉంటాది."

"ఏసినానప్పా. ఒగ తూరి కాదు, రెండు తూర్లు. రెండు తూర్లూ అదే జాగాలో కుంగి పగిలిపాయె. నల్లరేగడి కదా, యాడ నిలుస్తాది?" అంటూ ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఏదో దేశంలో ఒక ఇల్లు, పచ్చగడ్డి మధ్య గేటు నుంచి నల్లగా నిగనిగలాడే దారి. "ఈ మాదిరి కావాల."

నల్లరేగడి అంటే మా ప్రాంతంలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగులు ఇస్తుంది. దాని మీద కట్టిన ప్రహరీ గోడలన్నీ పక్కకు వాలే ఉంటాయి. సావుకారి చెప్పిన కారణం నాకే కాదు, ఈ పనిలో ఉన్న ఎవరికైనా సబబుగానే తోస్తుంది. కాంట్రాక్టరు కూడా ఫోన్‌లో "కావాల్సినాయన. పక్కనే పని నడుస్తాంది కదా, చేసిపెట్టు" అన్నాడు.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా రోలర్ డ్రైవర్. నంద్యాల మనిషి. అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. ఆ మూడు చక్రాల పెద్ద రోలరుతో ఆయనకు పెళ్లాంతో కంటే ఎక్కువ కాపురం. నడుస్తూ పోయేవాళ్లు దాన్ని దాటిపోయినా పట్టించుకోడు. "పోనీలే అన్నా, వాళ్లు తొక్కే రోడ్డు నేను తొక్కిందే కదా" అనేవాడు.

రెండో ఆమె కంకర గంపలు మోసే ఆడవాళ్లలో పెద్దది. ఆళ్లగడ్డ శివారులో ఒక పేటలో ఉంటుంది. నా దగ్గర ఎన్నో ఏళ్లుగా పని చేస్తోంది, అందరం అక్క అని పిలిచేవాళ్లం. మొగుడు చిన్న వయసులోనే పోయాడని తెలుసు, ఎట్లా పోయాడో తెలియదు. కొడుకు ఆటో తోలుతాడు. ఇంట్లో పెళ్లయినా, పండగైనా కల్లు చుక్క, సారా చుక్క గడప దాటనివ్వరని మా వాళ్లు ఆమెను ఆటపట్టించేవారు. ఆమె నవ్వేది కాదు. మాట చాలా తక్కువ. మా గుంపులో ఎవరికైనా తారు చిట్లి చెయ్యి కాలితే మాత్రం అందరికంటే ముందు నీళ్ల బిందె ఆమెదే.

సావుకారి ఇంట్లో పాత సిమెంటు పగలగొట్టి తీయించడానికి మొదటి రోజు మగవాళ్లను పంపాను. మరుసటి రోజు కంకర పరిచి, రోలరుతో తొక్కించి, మధ్యాహ్నానికి ప్లాంటు నుంచి తారు కలిపిన వేడి మాలు తెప్పించి వేసేయాలన్నది లెక్క. వేడి మాలు టిప్పరులో వస్తుంది. చల్లబడితే రాయి. అది బయలుదేరిందంటే కింద నేల సిద్ధంగా ఉండి తీరాలి. పొద్దున్నే రోడ్డు పని మీద ఉన్న ఆడవాళ్లలో కొందరిని పిలిచి ఆ ఇంటికి పోవాలన్నాను. ఆమె "యాడప్పా?" అంది. ఎరువుల సావుకారి ఇల్లన్నాను. గంప తీసుకుని ట్రాక్టరు ఎక్కింది.

గేటు లోపలికి వచ్చాక ఆమె ఒక్క నిమిషం నిలబడి వసారా వైపు, గోడ వైపు చూసింది. తర్వాత పనిలో పడింది. కొంతసేపటికి నేనొకటి గమనించాను. మిగతా ఆడవాళ్లు కంకర కుప్ప నుంచి నేరుగా నడిచి వెళ్లి గంప బోర్లిస్తున్నారు. ఆమె మాత్రం గోడ వారగా చుట్టు తిరిగి వెళుతోంది. మధ్యలో అడుగు పెట్టడం లేదు.

"ఏందక్కా, సుట్టూ తిరుగుతాండావు? పొద్దు పోతాది."

"ఆడ తొక్కబుద్ధి కాదప్పా" అంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఎత్తుపల్లాలకు భయపడుతోంది కాబోలనుకున్నాను.

కంకర పరవడం అయింది. ప్లాంటు నుంచి ఫోన్ వచ్చింది, టిప్పరు బయలుదేరిందని. భాయ్ రోలరు స్టార్ట్ చేసి గేటులోంచి లోపలికి తెచ్చాడు. సావుకారి వసారా మెట్టు మీద నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. వాళ్ల అమ్మ, ఎనభై దగ్గరి మనిషి, వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. రోలరు కంకరను నలుపుకుంటూ మెల్లగా ముందుకు వస్తోంది. అప్పుడు అక్క గంప కింద పడేసి పరుగెత్తి పోయి రోలరుకు ఎదురుగా నిలబడింది.

భాయ్ రోలరును ఉన్నచోటనే ఆపాడు. "అరే! పిచ్చి పట్టిందా నీకు? సస్తావు!"

"దిగు భాయ్" అంది ఆమె. "దిగు కిందికి. నీ ముందర బావి ఉండాది."

నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. "ఏం బావి అక్కా? కంకర కదా ఉండేది."

"కంకర కింద ఉండాది. నా మొగుడు దాంట్లోనే పోయినాడు."

భాయ్ ఇంజను ఆపేశాడు. సావుకారి మెట్లు దిగి వచ్చాడు. ముఖంలో రంగు మారింది, కానీ గొంతు పెంచలేదు.

"బావి ఉండె, నిజమే. మా నాయన దగ్గరుండి పూడ్పించినాడు. ఎన్నేండ్లయిందో. గట్టిగా ఉంటాది, పోనీండి రోలరు."

"మరి సిమెంటు యాలకు కుంగె సార్?" అన్నాను.

ఆయన తల తిప్పి వసారాలో ఉన్న తల్లి వైపు చూశాడు. తర్వాత నాకర్థమైంది. ఆ ఇంట్లో ఆ బావి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. నేల కుంగిన ప్రతిసారీ నల్లరేగడి అనేశారు. బయటివాళ్లకే కాదు, వాళ్లకు వాళ్లు కూడా.

భాయ్ మాట్లాడకుండా గడ్డపార తెచ్చి, ఆమె చూపించిన చోట కంకర పక్కకు లాగి పోటు వేశాడు. రెండు మూడు పోట్లు మామూలుగానే పడ్డాయి. ఆ తర్వాతి పోటుకు గడ్డపార చేతిలోంచి జారి, దిగిపోయి, కనిపించకుండా పోయింది. భాయ్ తన రెండు చేతులూ చూసుకుని, వెనక్కి తిరిగి రోలరును చూశాడు. దాని ముందు చక్రం అక్కడికి ఒక మనిషి పడుకునేంత దూరంలో ఉంది. ఆయన వెళ్లి గోడ నీడన కూర్చుండిపోయాడు.

నేను టిప్పరు డ్రైవర్‌కు ఫోన్ చేసి, మాలును అహోబిలం రోడ్డు పనికి తిప్పేయమన్నాను. కాంట్రాక్టరు ఫోన్‌లో అరుస్తూనే ఉన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు వసారాలోని పెద్దావిడ లేచింది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టూ దిగి వచ్చింది. సావుకారి అడ్డం వెళ్లి "అమ్మా, లోపలికి పా" అన్నాడు. ఆవిడ కొడుకును చేత్తో పక్కకు తప్పించి అక్క ఎదురుగా నిలబడింది.

"నువ్వు ఆయప్ప పెండ్లానివా?"

"అవునమ్మా."

"ఆపొద్దు సంకలో పిల్లోనితో వస్తివి. గేటు ఏసేసినారు."

"ఏసేసినారు. గేటు సందుల్లోంచి ఆ బావినే చూస్తా నిలబడితి. శవాన్ని గేటు బయటకు తెచ్చి ఇచ్చినారు. ఈ పొద్దే లోపలికి రావడం."

పెద్దావిడ కాసేపు కంకర వైపు చూసింది. తర్వాత చెప్పింది. మా గుంపంతా అక్కడే ఉన్నాం, ఆవిడ ఎవరినీ పొమ్మనలేదు.

"నేను ఆ గడప కాడ కూచోని బియ్యం చెరుగుతాండా. నీ మొగుడు పూడిక తీసేకి వచ్చి ముందు లాంతరు కట్టి దింపినాడు. సగం దిగకముందే ఆరిపాయె. మళ్లీ ముట్టించి దింపె, మళ్లీ ఆరిపాయె. 'చెడుగాలి ఉండాది సామీ, ఈ పొద్దు వద్దు' అన్యాడు. మా ఆయన ఇనల్యా. 'పని ఎగ్గొట్టేకి సాకులు చెప్తాండావు. దిగుతావా, ఇంగొగరిని పిలిపించాల్నా?' అన్యాడు. ఆయప్ప దిగినాడు."

"మల్ల?" అంది అక్క.

"లోపల నుంచి ఒగ కేక ఏసినాడు. అంతే. మా పెద్దోడు అప్పుడే అన్నానికి కూచోని ఉండె. తట్ట వదిలేసి పరిగెత్తె. నేను చెయ్యి పట్టుకుంటి. ఇడిపించుకొని దిగినాడు. మోకు గూడా కట్టుకోల్యా. ఇద్దరూ పైకి రాల్యా."

సావుకారి అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. అన్న పోయినప్పుడు తాను కర్నూలులో హాస్టల్లో ఉన్నానని, ఇంటికి వచ్చేసరికి బావి స్థానంలో కొత్త మట్టి మాత్రమే ఉందని ఆయన ఆ తర్వాత నాకు చెప్పాడు. తండ్రి చెప్పిందే నమ్మి, ముఖం తెలియని ఒక కూలివాణ్ని ఇన్నేళ్లూ తిట్టుకుంటూ బతికాడు.

అక్క ఏడవలేదు. "మా పేటలో అందరూ తాగి దిగినాడంటారు" అంది. "తాగి దిగి, సావుకారి కొడుకును గూడా మింగినాడంటారు. నా కొడుక్కు పిల్లను చూసేకి పోతే ఆ మాటే అన్యారు. నా మొగుడు తాగేటోడు కాదని నాకు తెలుసు. చెప్పుకుంటే ఇనేటోళ్లు ఎవురు?"

"అది మా ఆయన చెప్పిన మాట. పోలీసోళ్లతో అదే చెప్పినాడు. నన్నూ అదే చెప్పమన్యాడు. నేను చెప్పల్యా." పెద్దావిడ ఆగింది. "కాదని గూడా అనల్యా."

ఆ రోజు పని ఆగిపోయింది. సాయంత్రం ట్రాక్టరు ఎక్కేముందు భాయ్ అక్క దగ్గరికి వెళ్లి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఆమె ఆయన చేతులు దించేసింది. "నోరు మూసుకొని పని చేసుకొని పోదామనే వచ్చినా భాయ్. ఆయన పోయిన జాగా ఒగసారి చూసిపోదామని. నువ్వు దాని పైన కూచోని వస్తాంటే ఉండలేకపోతి" అంది.

మరుసటి రోజు జేసీబీ తెప్పించి ఆ చోటు తవ్వించాం. ఎవరినీ లోపలికి దిగనివ్వలేదు. పైన మట్టి, దాని కింద బండలు, బండల కింద ఖాళీ, ఆ ఖాళీ అడుగున చివికిపోయిన పత్తికట్టె. దుఃఖంలోనో, భయంలోనో, సావుకారి తండ్రి అప్పట్లో ఊళ్లో దొరికిన పత్తికట్టెంతా తోయించి, బండలు కప్పించి, ఒక్క పూటలో నేల చదును చేయించాడు. దాని మీద ఇన్నేళ్లూ పిల్లలు ఆడుకున్నారు, లారీలు నిలిచాయి. ఏదైనా దొరుకుతుందేమోనని మా వాళ్లు తొంగి తొంగి చూశారు. ఏమీ దొరకలేదు. క్వారీ నుంచి పెద్ద రాళ్లు తెప్పించి అడుగు నుంచి నింపాం. గ్రావెల్ పోసి, నీళ్లు పట్టి, పొర పొరకూ తొక్కించాం. భాయ్ ఆ పొరల మీద అవసరానికి మించి తిప్పాడు. నేను వద్దనలేదు.

ఆ రోజుల్లో అక్క ఆ ఇంటి పనికి రాలేదు. అహోబిలం రోడ్డు మీదే చేసింది. సావుకారి ఒకసారి అక్కడికే వచ్చాడు. ఆమెను పక్కకు పిలిచి, నన్నూ ఉండమన్నాడు.

"నీకేం కావాలో చెప్పమ్మా. మా చేతనయింది చేస్తాం. నీ కొడుక్కైనా, నీకైనా."

"నాకేం వద్దు సామీ. అమ్మ చెప్పిన మాట మా పేటకొచ్చి చెప్పండి. చాలు."

ఆయన నేల చూశాడు. "అమ్మ మీ అందరి ముందరే చెప్పింది కదా. ఊర్లో మల్ల యాలకు? మా నాయన పేరు మీద చలివేంద్రం ఉండాది. నలుగురూ ఆయన పేరు చెప్పుకుంటారు."

"అయితే వద్దులే" అని ఆమె గంప ఎత్తుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను ఎక్కువ బాధించిందనుకుంటాను. చాలాసేపు స్కూటరు దగ్గర నిలబడి, స్టార్ట్ చేయకుండా దాన్ని నడిపించుకుంటూ వెళ్లాడు.

తారు వేసిన రోజు ఎండ బాగా ఉంది. మాలు పొగలు కక్కుతూ వచ్చింది, మా వాళ్లు గబగబా లాగి పరిచారు, భాయ్ తొక్కాడు. మధ్యాహ్నానికి సావుకారి ఫోన్‌లో చూపించినట్టే నల్లగా, నున్నగా దారి తయారైంది. ఆయన మాత్రం ఆ రోజు వీడియో తీయలేదు. పొద్దు వాలాక, తారు గట్టిపడి నడవడానికి వీలయ్యాక, సామాన్లు సర్దుకుంటున్నాం. పెద్దావిడ మంచి చీర కట్టుకుని వసారాలోకి వచ్చింది.

"ఏమప్పా, నీ జీపు ఉండాదా?" అని నన్ను అడిగింది. "నన్ను ఆ పేటకు తోలుకపో."

సావుకారి లోపల నుంచి వచ్చాడు. "అమ్మా, నాయన పేరు పోతాది."

"ఆయప్ప పేరు పోయి ఎన్నేండ్లాయె?" అంది ఆవిడ. "నీ నాయన బతికున్నన్నాళ్లూ నోరెత్తల్యా. పోయినాక ఎత్తేకి ధైర్యం చాల్ల్యా. ఇంగ నేనెన్నాళ్లుంటా?"

ఆయన చెప్పులు వేసుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని కొత్త దారి మీద నడిపించుకుంటూ వచ్చి జీపు ఎక్కించాడు. తర్వాత తానూ ఎక్కాడు.

పేటలో మేము దిగేసరికి జనం బయటే ఉన్నారు. కొందరు మంచాలు వాల్చుకుని కూర్చున్నారు, కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. సావుకారి ఇంటి మనిషి అక్కడ దిగడం చూసి అందరూ లేచారు. ఆటో తుడుస్తున్న అక్క కొడుకు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అక్క గుమ్మంలోకి వచ్చింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

పెద్దావిడ కొడుకు చెయ్యి వదిలించుకుని వీధి మధ్యకు వెళ్లింది. "నేను ఎరువుల సావుకారి ఇంటి పెద్దదాన్ని" అని మొదలుపెట్టింది. లాంతరు ఆరిపోయిన సంగతి, వద్దన్న మాట, తన భర్త గద్దించి దింపిన సంగతి, తన కొడుకు తనకు తానే దిగిన సంగతి అన్నీ చెప్పింది. "ఆయప్ప తాగల్యా. ఆ పొద్దు ఆయప్ప నోట్లో చుక్క లేదు. తాగినాడన్యది మా ఇంట్లో పుట్టిన అబద్ధం." వయసు వల్ల మాట ఎక్కువ దూరం పోవడం లేదు. సావుకారి తల్లి పక్కకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఆటో పక్కన అక్క కొడుకు గుడ్డతో ముఖం కప్పుకున్నాడు.

ఈ పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. నేలను నమ్మేముందు ఆ ఇంటివాళ్లను అడగండి, వాళ్లు చెప్పకపోతే పొరుగువాళ్లను అడగండి అంటాను. అది పనికి సంబంధించిన మాట. మిగతాది నేను జీపు పక్కన నిలబడి చూసినదే.

పెద్దావిడ చెప్పడం ముగించి, వెనక్కి తిరగబోయింది. అప్పుడు గుమ్మంలోంచి అక్క వీధిలోకి దిగి వచ్చింది. ఆవిడ పడిపోకుండా చెయ్యి పట్టుకుంది.

"ఇంగా గట్టిగా చెప్పమ్మా" అంది. "ఆ చివరింటోళ్లకు ఇనపడల్యా."

పెద్దావిడ ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.